ప్రసవ శిక్షణ తరగతులు

నొప్పులు ఎలా మొదలవుతాయి, మొదలయ్యాక ఏం చేయాలి, లేబర్ రూమ్‌లో ఏం జరుగుతుంది, బిడ్డ పుట్టిన తొలి గంటల్లో ఏం చూసుకోవాలి అన్న సంగతులను గర్భిణికీ, కాన్పు వేళ ఆమె పక్కన ఉండబోయే మనిషికీ ముందుగానే నేర్పే కార్యక్రమాలను ప్రసవ శిక్షణ తరగతులు అంటారు. ఆసుపత్రి బోర్డుల మీద ఇవి యాంటీనేటల్ క్లాసులుగా, బర్త్ ప్రిపరేషన్ క్లాసులుగా, లామాజ్ క్లాసులుగా కనిపిస్తాయి. నెలనెలా డాక్టరు దగ్గర చేయించుకునే పరీక్షలు వేరు, ఇవి వేరు. పరీక్షలో బరువు, బీపీ, హిమోగ్లోబిన్, బిడ్డ గుండె చప్పుడు చూస్తారు. కిటకిటలాడే ఓపీలో ప్రశ్న అడిగే తీరిక గర్భిణికి ఉండదు, చెప్పే తీరిక డాక్టరుకు ఉండదు. అలా మిగిలిపోయిన ప్రశ్నల కోసమే ఈ తరగతులు.

ఒకప్పుడు ఈ చదువు ఇంట్లోనే సాగేది. అక్కకో పిన్నికో పురుడు పోస్తుంటే వేడినీళ్లు అందించిన పిల్లకు, మంత్రసాని ఏమంటోందో విన్న పిల్లకు సగం సంగతులు తెలిసేవి. అందులో తప్పులూ ఉండేవి, ప్రాణాలూ పోయేవి. కాన్పులు ఆసుపత్రులకు మారడంతో ఆ ముప్పు చాలావరకు తగ్గింది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కల్లో ఆసుపత్రి కాన్పులు తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం. అయితే చూసి నేర్చుకునే దారి కూడా దాంతోపాటే మూసుకుపోయింది. ఇవాళ చాలామంది అమ్మాయిలు జీవితంలో చూసే మొదటి కాన్పు వాళ్లదే.

చరిత్ర

ప్రసవానికి శిక్షణ అవసరమన్న ఆలోచనకు ఆధునిక రూపం ఇచ్చింది బ్రిటిష్ వైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్. 1933లో ఆయన రాసిన ‘నేచురల్ చైల్డ్‌బర్త్’ పుస్తకంలోని వాదన సూటిగా ఉంటుంది. తెలియనితనం వల్ల భయం, భయం వల్ల ఒళ్లంతా బిగుసుకోవడం, ఆ బిగువు వల్ల నొప్పి పెరగడం, పెరిగిన నొప్పి వల్ల మళ్లీ భయం. తెలియజెప్పడంతో ఈ గొలుసును మొదట్లోనే తెంచవచ్చని ఆయన నమ్మాడు. నొప్పికి మూలమంతా భయమే అన్నంత దూరం వెళ్లడం అతి అనిపించినా, బెదిరిన మనిషి ఒంట్లో అడ్రినలిన్ పెరిగి నొప్పులు మందగించవచ్చన్న సంగతిని తర్వాతి శాస్త్రమూ కాదనలేదు. నొప్పులను నడిపించే ఆక్సిటోసిన్ హార్మోనుకు నెమ్మది, చనువు, మసక వెలుతురు అనుకూలిస్తాయి.

ఆ తర్వాత సోవియట్ యూనియన్‌లో మరో పాయ తయారైంది. రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ సిద్ధాంతాల ఆధారంగా, నొప్పికి మెదడు స్పందించే తీరునే శ్వాస వంటి అభ్యాసాలతో మార్చవచ్చని ఖార్కోవ్‌లో వెల్వోవ్‌స్కీ బృందం ఒక పద్ధతి రూపొందించింది. మత్తుమందు అక్కర్లేని ఆ పద్ధతిని ప్రభుత్వం దేశమంతటా ప్రోత్సహించింది. 1951లో సోవియట్ పర్యటనకు వెళ్లిన ఫ్రెంచి ప్రసూతి వైద్యుడు ఫెర్నాండ్ లామాజ్ అక్కడ ఒక కాన్పు చూసి, ప్యారిస్ తిరిగొచ్చాక లోహ కార్మికుల సంఘం నడిపే ప్రసూతి ఆసుపత్రిలో ఆ పద్ధతిని ప్రవేశపెట్టాడు. ప్రచ్ఛన్న యుద్ధం ముమ్మరంగా ఉన్న రోజులవి. కమ్యూనిస్టు దేశం నుంచి వచ్చిన శ్వాస పద్ధతిని క్యాథలిక్ గర్భిణులు పాటించవచ్చా అన్న ప్రశ్న తలెత్తితే, 1956లో పోప్ 12వ పయస్ స్వయంగా అభ్యంతరం లేదని చెప్పాల్సివచ్చింది. ఊపిరి పీల్చి వదిలే తీరు మీద ఇంత రాజకీయం నడవడం చరిత్రలో అరుదే.

ప్యారిస్‌లో లామాజ్ దగ్గర కాన్పు చేయించుకున్న అమెరికన్ మార్జొరీ కార్మెల్ తన అనుభవాన్ని 1959లో పుస్తకంగా రాసింది. మరుసటి ఏడాది ఆమె, ఫిజియోథెరపిస్టు ఎలిజబెత్ బింగ్ కలిసి న్యూయార్క్‌లో స్థాపించిన సంఘమే ఇప్పటి లామాజ్ ఇంటర్నేషనల్. ఇంగ్లండ్‌లో కాన్పులో బిడ్డను పోగొట్టుకున్న ప్రునెల్లా బ్రయన్స్ పత్రికలో ఇచ్చిన ఒక చిన్న ప్రకటన నుంచి 1956లో నేషనల్ చైల్డ్‌బర్త్ ట్రస్టు పుట్టింది. ఈ ఉద్యమాన్ని ముందుకు తోసినవాళ్లలో వైద్యులెందరో, తమకు జరిగినదాంతో ఊరుకోలేకపోయిన తల్లులూ అందరే.

భర్తను లేబర్ రూమ్‌లోకి తెచ్చిన ఘనతలో పెద్ద వాటా అమెరికన్ వైద్యుడు రాబర్ట్ బ్రాడ్లీది. భార్యకు కోచ్ భర్తే అని ఆయన 1965లో పుస్తకం రాశాడు. పుట్టే బిడ్డ వైపు నుంచి కాన్పును చూసినవాడు ఫ్రెంచి వైద్యుడు ఫ్రెడరిక్ లెబోయర్. వెలుతురు తగ్గించండి, అరుపులు ఆపండి, బిడ్డను తల్లి పొట్ట మీద పడుకోబెట్టండి అని 1974లో ఆయన చెప్తే వైద్యలోకం మొదట నవ్వింది. ఆయనే కలకత్తాలో శాంతల అనే తల్లి బిడ్డకు నూనె మర్దన చేస్తుండగా ఫొటోలు తీసి 1976లో పుస్తకం వేశాడు. మన అమ్మమ్మలు కాళ్లు చాపుకుని, వాటి మీద మనవణ్ని పడుకోబెట్టుకుని చేసే పని ఇప్పుడు యూరప్‌లో ‘శాంతల మసాజ్’ పేరుతో ఫీజు కట్టి నేర్చుకునే పాఠం.

పద్ధతులు

ఇప్పటి లామాజ్ తరగతికీ సినిమాల్లో కనిపించే ‘హీ హీ హూ’ శ్వాసకూ పోలిక తక్కువ. ఆ సంస్థ నేడు చెప్పే సూత్రాలు ఆరు: నొప్పులను వాటంతట అవే రానివ్వడం, నొప్పుల్లో కదులుతూ ఉండడం, నమ్మకస్తుల తోడు, వైద్యపరంగా అక్కర్లేని జోక్యాలు వద్దనడం, వెల్లకిలా పడుకుని కనకుండా ముక్కాలనిపించినప్పుడే ముక్కడం, తల్లీబిడ్డలను విడదీయకపోవడం. బ్రాడ్లీ పద్ధతి మందుల్లేని కాన్పు మీద ఎక్కువ పట్టుబడుతుంది, తరగతులూ వారాల తరబడి సాగుతాయి. 1989లో మేరీ మోంగన్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చిన హిప్నోబర్తింగ్ గాఢ విశ్రాంతిని, మనసుకు పదేపదే చెప్పుకునే మాటలను నమ్ముకుంటుంది. వీటికి తోడు మన దగ్గర గర్భిణుల యోగా, గర్భసంస్కారం క్లాసులు, ఆసుపత్రులు సొంతంగా నడిపే ఒక పూట తరగతులు ఉన్నాయి. హైదరాబాద్‌లో దొరికేవి ఎక్కువగా వీటన్నిటి నుంచి కొంచెం కొంచెం తీసుకున్న మిశ్రమాలే. బోర్డు మీది పేరుకు అంతకుమించి విలువ ఇవ్వనక్కర్లేదు.

ఫలితాలపై ఆధారాలు

ఈ తరగతుల వల్ల నిజంగా ఉపయోగం ఉందా? ఉందనీ, లేదనీ చెప్పే మంచి అధ్యయనాలు రెండూ ఉన్నాయి. వైద్య అధ్యయనాలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2007 నాటి సమీక్ష 2,284 మంది స్త్రీలు పాల్గొన్న 9 ప్రయోగాలను పరిశీలించి, ప్రసవ విద్య ప్రభావం చాలావరకు తేలలేదనే చెప్పింది. 2009లో స్వీడన్‌లో తొలిచూలు గర్భిణులు 1,087 మందితో ఒక ప్రయోగం జరిగింది. ఒక సగానికి శ్వాస సాధనతో సహజ ప్రసవ శిక్షణ, మిగతా సగానికి మామూలు తరగతి. చివరికి ఎపిడ్యూరల్, అంటే నొప్పి తెలియకుండా నడుము దగ్గర ఇచ్చే మత్తు, తీసుకున్నవాళ్లు రెండు వైపులా 52 శాతమే. 2015లో బ్రిటన్‌లో 680 మందితో స్వీయ హిప్నాసిస్‌ను పరీక్షించినప్పుడూ ఎపిడ్యూరల్ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాకపోతే కాన్పు గురించి ముందు ఊహించుకున్నంత భయం కలగలేదని శిక్షణ పొందినవాళ్లు చెప్పారు.

దీనికి పూర్తిగా ఎదురుగా 2016లో సిడ్నీ నుంచి ఒక ఫలితం వచ్చింది. రెండు ఆసుపత్రుల్లో 176 మందిని తీసుకుని, సగం మందికి రెండు రోజుల కోర్సు ఇచ్చారు. అందులో శ్వాస, యోగా భంగిమలు, మర్దన, ఒంటి మీద ఫలానా చోట్ల వేలితో నొక్కడం, మనోచిత్రణ ఉన్నాయి. ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్లు మామూలు సంరక్షణలో 69 శాతం కాగా వీళ్లలో 24 శాతం, సిజేరియన్లు 33 శాతం కాగా 18 శాతం. స్వీడన్‌కూ సిడ్నీకీ ఎందుకింత తేడా? సిడ్నీ కోర్సు ఊపిరి ఒక్కదానితో ఆగలేదు. పక్కనుండే మనిషి చేతులకు పని కల్పించింది. ప్రయోగం చిన్నది కాబట్టి తీర్పు చెప్పేయకూడదు గాని, ఈ వివరణకు మరో పెద్ద సమీక్ష బలాన్నిస్తోంది. ప్రసవంలో పక్కన విడవకుండా తోడుండడం గురించి 17 దేశాల్లో 15,858 మందితో జరిగిన 26 ప్రయోగాలను 2017లో కాక్రేన్ సమీక్షించింది. తోడున్న స్త్రీలకు సహజ కాన్పు అవకాశం పెరిగింది, నొప్పుల కాలం తగ్గింది, సిజేరియన్లూ తగ్గాయి. అంటే ఏ తరగతైనా పాఠం గర్భిణి ఒక్కదానికే చెప్పి పంపితే సగం పనే చేసినట్టు.

పేద ఊళ్లలో ఈ విద్య ఇంకా పెద్ద పని చేసింది. జార్ఖండ్, ఒడిశాల్లో ‘ఏక్‌జుట్’ సంస్థ ఆదివాసీ గ్రామాల్లో మహిళా బృందాలను నెలకోసారి కూర్చోబెట్టింది. బొమ్మల కార్డులు, కథల సాయంతో కాన్పులో, పసికందులో వచ్చే ఇబ్బందుల గురించి మాట్లాడించి, పరిష్కారాలు వాళ్లనే ఆలోచించమంది. ఆ బృందాలున్న చోట నవజాత శిశు మరణాలు 32 శాతం తక్కువగా నమోదైనట్టు 2010లో ‘లాన్సెట్’ ప్రచురించింది. చాపలు, బంతులు, దిండ్లు, సన్నటి సంగీతం ఏవీ లేని ఈ తరగతికి ఉన్నంత గట్టి రుజువు నగరంలోని ఏ ఖరీదైన తరగతికీ లేదు.

తరగతిలో ఏం జరుగుతుంది

మంచి తరగతిలో ఉపన్యాసం తక్కువ, చేతిపని ఎక్కువ. టీచరు చేతిలో ప్లాస్టిక్ కటి ఎముక ఒకటి, గుడ్డ బొమ్మ ఒకటి ఉంటాయి. బొమ్మ తలను ఎముక వలయంలోకి నిటారుగా దించితే ఇరుక్కుపోతుంది. గడ్డం ఛాతీకి ఆనించి, తలను పక్కకు తిప్పి, కొంచెం దించి మళ్లీ తిప్పితేనే బయటికొస్తుంది. ఈ మెలికలన్నీ తిరగడానికి బిడ్డకు సమయం పడుతుందనీ, తల్లి నడవడం, ముందుకు వంగడం అందుకే తోడ్పడతాయనీ చెప్పడానికి ఆ ఒక్క బొమ్మ చాలు. నిలబడి, నడుస్తూ ఉన్నవాళ్లలో నొప్పుల తొలి దశ సుమారు గంటా ఇరవై నిమిషాలు తగ్గినట్టు 2013 కాక్రేన్ సమీక్ష లెక్కగట్టింది.

శ్వాస సాధన అసలు అక్కరకు వస్తుందో లేదో చూడడానికి చాలామంది టీచర్లు వాడేది ఐసు ముక్క. అరచేతిలో పెట్టుకుని ఒక నిమిషం గుప్పిట మూయాలి. మొదటిసారి ఏమీ చెప్పరు. పదిహేను సెకన్లకే పళ్లు బిగుస్తాయి, భుజాలు చెవుల దాకా లేస్తాయి. రెండోసారి ముక్కుతో పీల్చి, నోటితో పొడుగ్గా వదులుతూ, దవడ వదులు చేసి పట్టుకోమంటారు. చలి అంతే ఉంటుంది, పట్టుకోవడం మాత్రం కొంత తేలికవుతుంది. నొప్పి కూడా ఒక నిమిషం అటూ ఇటూ ఉండి పోయేదే గనుక ఈ అభ్యాసం వట్టి ఆట కాదు.

పక్కవాళ్ల పాఠం నడుము దగ్గర మొదలవుతుంది. గర్భిణి కుర్చీ వెన్నును వాటేసుకుని ముందుకు వంగి కూర్చుంటే, తోడున్న మనిషి అరచేతి మడమతో త్రికాస్థి మీద, అంటే పిరుదుల చీలికకు పైనున్న బల్లపరుపు ఎముక మీద, గట్టిగా ఆనించి ఒత్తాలి. భర్తలు మొదట భయపడి నిమిరినట్టు చేస్తారు. ఇంకా గట్టిగా అని భార్య మూడుసార్లు అన్నాక గాని సరైన ఒత్తిడి తెలియదు. ఈ సంగతి లేబర్ రూమ్‌లో కాక తరగతిలోనే తెలియడం ఇద్దరికీ మేలు.

దొంగనొప్పులను గుర్తుపట్టడం, ఆసుపత్రికి ఎప్పుడు బయల్దేరాలి, ఎపిడ్యూరల్ ఎలా ఇస్తారు, నొప్పులు రప్పించే డ్రిప్పు ఎందుకు పెడతారు, సిజేరియన్ ఎప్పుడు తప్పదు అన్నవీ పాఠంలో ఉండాలి. 34-35 వారాల నుంచి యోని ద్వారం వద్ద చేసుకునే మర్దన వల్ల తొలి కాన్పులో కుట్లు పడే అవకాశం కొంత తగ్గుతుంది. సిగ్గుపడి ఎవరూ అడగని ఈ విషయాన్ని టీచరే ఎత్తాలి.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి

తెలుగు రాష్ట్రాల్లో ప్రసవ శిక్షణ గురించి మాట్లాడితే సిజేరియన్ల లెక్క పక్కన పెట్టడం కుదరదు. అదే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వాసుపత్రుల్లో 44.5 శాతం. ముహూర్తం చూసుకుని కోత పెట్టించుకునే అలవాటు, నొప్పుల భయం, రాత్రంతా కనిపెట్టుకుని ఉండే సిబ్బంది కొరత, మొదటిది ఆపరేషనైతే రెండోదీ ఆపరేషనే అన్న లెక్క, అన్నీ ఇందులో కలిశాయి. ఒక్క తరగతి వీటన్నిటినీ తిప్పేయలేదు. పదిలో ఎనిమిది కాన్పులు కోతతో జరిగే చోట ‘సహజ ప్రసవం మీ చేతుల్లోనే ఉంది’ అని గర్భిణికి నూరిపోయడం అన్యాయం కూడా. రేపు ఆపరేషనైతే ఆ తప్పును ఆమె తన మీదే వేసుకుంటుంది.

అందుకే మన దగ్గర తరగతికి మొదటి పరీక్ష సిజేరియన్ పాఠం. వెన్నులో ఇచ్చే మత్తు ఎలా ఉంటుంది, థియేటర్లో బిడ్డను ఛాతీ మీద పెట్టనిస్తారా, మూత్రపు గొట్టం ఎప్పుడు తీస్తారు, పొట్ట మీద బరువు పడకుండా బిడ్డను చంక కింద పట్టుకుని పాలివ్వడం ఎలా, మంచం మీంచి సరాసరి లేవకుండా పక్కకు ఒత్తిగిలి లేవడం ఎలా అన్నవి నేర్పాలి. పాలివ్వడం నేర్పడం ఇక్కడ మరీ అవసరం: తెలంగాణలో పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుకున్న పిల్లలు ఆ సర్వే ప్రకారం 37.1 శాతమే. ముహూర్తం మాట వచ్చినప్పుడు కూడా మంచి టీచరు వెక్కిరించదు. వైద్య కారణం లేకుండా 39 వారాలు నిండకముందే ఆపరేషన్ చేస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు వచ్చే అవకాశం పెరుగుతుందని చెప్పి, నిర్ణయం కుటుంబానికి వదులుతుంది.

రెండో సంగతి పుట్టిల్లు. తొలి కాన్పు అమ్మగారింట్లో చేయించడం ఇప్పటికీ ఆనవాయితీ. ఏడో నెలలోనో సీమంతం అయ్యాకో అమ్మాయి గచ్చిబౌలి వదిలి నరసరావుపేటకో నిజామాబాద్‌కో వెళ్లిపోతుంది. తరగతి హైదరాబాద్‌లో, కాన్పు మరో ఊళ్లో. ఆదివారం క్లాసుకు వచ్చి నడుము ఒత్తడం నేర్చుకున్న భర్త నొప్పుల వేళకు ఇంకా బస్సులోనే ఉంటాడు. పక్కన ఉండేది అమ్మో, అక్కో, పెద్దమ్మో. నగరాల తరగతులు భార్యాభర్తల జంటలను దృష్టిలో పెట్టుకుని తయారు చేసినవి కాబట్టి ఈ చిక్కు వాటికి కనిపించదు. గర్భిణులు మాత్రం ముందే ఆలోచించుకోవాలి: లేబర్ రూమ్‌లో నిజంగా పక్కన ఉండేది ఎవరో ఆ మనిషినే, వీలైతే ఆన్‌లైన్‌లోనైనా, తరగతిలో కూర్చోబెట్టాలి. అమ్మకు ఎందుకు, ముగ్గుర్ని కన్నదిగా అనుకోకూడదు. ఆమె కన్న రోజుల్లో పద్ధతులు వేరు.

ప్రభుత్వాసుపత్రులకు ఇది మరీ వర్తిస్తుంది. కాన్పు తోడును అనుమతిస్తూ కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ తోడు ఆడమనిషి అయి ఉండాలనీ, కాన్పు అనుభవం ఉన్నవారై ఉండాలనీ, గోప్యత కుదిరే చోట భర్తను రానివ్వచ్చనీ ఉంది. వరుసగా మంచాలుండే లేబర్ రూమ్‌లో భర్తకు ప్రవేశం దొరకడం కష్టం. 2017లో మొదలైన ‘లక్ష్య’ కార్యక్రమం లేబర్ రూముల నాణ్యతతోపాటు ఈ తోడు విషయాన్నీ పట్టించుకుంటోంది.

డబ్బు కట్టలేని కుటుంబాలకు ప్రత్యేక తరగతి అందుబాటులో లేకపోయినా దాని ముక్కలు చాలాచోట్ల ఉన్నాయి. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ కేంద్రాల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. అంగన్‌వాడీలో జరిగే గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార దినం, ఆశా కార్యకర్త ఇంటికొచ్చే రోజులు కూడా అడిగి తెలుసుకునే సందర్భాలే. తల్లీబిడ్డల రక్షణ కార్డులో కాన్పుకు ముందే అనుకోవాల్సిన సంగతులకు చోటుంది. చాలామంది ఆ కార్డును టీకాల తేదీల కోసమే తీస్తారు, మిగతా పేజీలు చదవరు.

ఈ రంగంలో తెలంగాణ ఒక పని ముందుగా చేసింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యునిసెఫ్, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆసుపత్రి కలిసి కరీంనగర్‌లో నర్సులకు వృత్తి మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు తెచ్చింది. మిడ్‌వైఫ్ ఉన్న ఆసుపత్రిలో తరగతి చెప్పే మనిషీ, నొప్పుల్లో పక్కన నిలబడే మనిషీ ఒకరే అయ్యే అవకాశం ఉంది. పాఠం చెప్పిన చేతులే కాన్పు చేస్తే అంతకన్నా కావలసిందేముంది!

ఎంపిక

తరగతి కంటే ముందు ఆసుపత్రి తేలాలి. ఎక్కడ కనబోతున్నారో తెలియకుండా ఎలా కనాలో నేర్చుకుంటే సగం పాఠం వృథా. నొప్పుల్లో నడవనిస్తారా, లోపలికి ఎవర్ని రానిస్తారు, ఎపిడ్యూరల్ ఇచ్చే మత్తు డాక్టరు అర్ధరాత్రి కూడా దొరుకుతారా, మామూలు కాన్పులో అందరికీ యోని ద్వారం దగ్గర కోత పెట్టి కుట్లు వేయడం అక్కడ రివాజా? ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. మామూలుగా అందరికీ ఇలా కోత పెట్టడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో సిఫారసు చేయలేదు. జవాబులు వచ్చాక వాటికి తగిన తరగతి వెతుక్కోవాలి. ఆసుపత్రి సొంతంగా నడిపే తరగతిలో అక్కడి గదులు, పద్ధతులు తెలుస్తాయి. కాకపోతే అక్కడి పద్ధతులే సరైనవన్న ధోరణి కూడా ఉంటుంది. బయటి తరగతి స్వేచ్ఛగా మాట్లాడుతుంది గాని ఆ మాటలు మీ ఆసుపత్రి గుమ్మం దాటి లోపలికి వెళ్తాయో లేదో అది చెప్పలేదు.

ప్రసవ విద్య నేర్పేవాళ్లకు డాక్టర్లకు, నర్సులకు ఉన్నట్టు మన దేశంలో వృత్తి మండలి రిజిస్ట్రేషన్ లేదు. లామాజ్ వంటి సంస్థల సర్టిఫికెట్లు ఉన్నవాళ్లూ, ఫిజియోథెరపిస్టులూ, నర్సులూ, రెండు వారాంతాల కోర్సు చేసినవాళ్లూ అందరూ ఒకే పేరుతో ప్రకటన ఇవ్వవచ్చు. కాబట్టి ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్ని కాన్పులు దగ్గరుండి చూశారు, ఇబ్బంది వస్తే ఏ డాక్టరు దగ్గరికి పంపుతారు అని అడగాలి. మందుల్లేకుండా కనడమే గెలుపన్నట్టు, ఎపిడ్యూరల్ అడగడం ఓటమన్నట్టు మాట్లాడే టీచరును వదిలేయడం మంచిది. ప్రతి భయానికీ ‘డాక్టరుగారు చూసుకుంటారు’ అని సర్దిచెప్పే టీచరుతోనూ లాభం లేదు.

ఉచిత తరగతి వెనుక ఎవరున్నారో చూడాలి. బొడ్డుతాడు రక్తం దాచే ప్రైవేటు బ్యాంకులు వీటికి ఖర్చు పెట్టడం మామూలైంది. బిడ్డ కోసం అలా దాచుకోవడాన్ని భారత వైద్య పరిశోధన మండలి సిఫారసు చేయదు. డబ్బాపాల కంపెనీలు గర్భిణులకు, తల్లులకు శాంపిళ్లు పంచడాన్ని, ప్రచారం చేసుకోవడాన్ని 1992 నాటి చట్టం నిషేధించింది. తరగతి చివర సంచీలో అలాంటి డబ్బా కనిపిస్తే ఆ తరగతి మాటలన్నిటినీ అనుమానంతోనే వినాలి.

గర్భసంస్కారం క్లాసుల గురించి కొంత. అభిమన్యుడు పద్మవ్యూహం విన్న కథ మనందరికీ తెలిసిందే. గర్భంలో బిడ్డకు ఆరో నెల నుంచి శబ్దాలు వినిపిస్తాయని, పుట్టిన బిడ్డ తల్లి గొంతును గుర్తుపడుతుందని పరిశోధనలూ చెప్తున్నాయి. పాట, పద్యం, స్తోత్రం తల్లి మనసుకు నెమ్మది ఇస్తే మంచిదే. మేధావి పుడతాడని, తెల్లగా పుడతాడని ఇచ్చే హామీలకు మాత్రం ఆధారం లేదు. మగపిల్లాడే పుడతాడని మందో ఉపాయమో చెబితే ఆ చోటు వదిలి బయటికి రావడమే. లింగ ఎంపిక 1994 చట్టం ప్రకారం నేరం.

భాష కూడా చూసుకోవాలి. ఇంగ్లిషులో జరిగే క్లాసులో భర్త తలాడిస్తాడు, వెంట వచ్చిన అత్తగారికి ఏమీ ఎక్కదు. తెలుగులో చెప్పేవాళ్లు దొరికితే, కాస్త తక్కువ సర్టిఫికెట్లున్నా, అదే మేలు.

సమయం, ప్రత్యేక సందర్భాలు

28 వారాల ప్రాంతంలో మొదలుపెట్టి 36 వారాల్లోపు ముగించడం అనువు. పుట్టింటికి వెళ్లేవాళ్లు ప్రయాణానికి ముందే పూర్తిచేయాలి. కవలలున్నా, బీపీ, షుగర్ ఉన్నా, మాయ కిందికి ఉన్నా వ్యాయామం ముందు డాక్టరును అడగాలి, పాఠం వినడం మానక్కర్లేదు. మొదటిది సిజేరియనై రెండోది మామూలుగా కనాలనుకునేవాళ్లకు విడిగా కూర్చుని మాట్లాడే టీచరు కావాలి. గుంపు తరగతి సరిపోదు.

అమెరికా, బ్రిటన్‌లలో ఉండే తెలుగువాళ్లకు ఈ వెతుకులాట తేలిక. బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ ఉచిత తరగతులు నడుపుతుంది, అమెరికాలో ఆసుపత్రులే నడుపుతాయి. అక్కడి చిక్కు వేరు. కాన్పు సాయానికి అమ్మ వీసా మీద వచ్చేసరికి తరగతులు అయిపోతాయి. బాలింత పథ్యం, కడుపు కట్టడం, బిడ్డకు తొలి నీళ్లు వంటి విషయాల్లో అమ్మ మాటకూ నర్సు మాటకూ పొంతన కుదరదు. తరగతి నోట్సు ముందే అమ్మకు వినిపించడం వల్ల కొన్ని గొడవలు తప్పుతాయి.

ఏ తరగతిలో చేరినా, చేరకపోయినా కొన్ని లక్షణాలు ప్రతి గర్భిణికీ, ఇంట్లోవాళ్లకూ నోటికి వచ్చి ఉండాలి. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం చేతులు ఒక్కసారిగా ఉబ్బడం, ఫిట్స్, గట్టి జ్వరం. వీటిలో ఏది కనిపించినా నొప్పులు రాలేదుగా అని, తెల్లవారనీ అని ఆగవద్దు. శ్వాస సాధన పక్కన పెట్టి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి బయల్దేరండి.